స్కాగ్వే: బంగారం దొరకని బంగారు ఊరు

(మన గ్రంథాలయంలో ఆదివారం సాయంత్రం జరిగిన ప్రసంగం. రాలేకపోయినవాళ్ల కోసం రికార్డింగు విని టైపు చేశాం.)

అందరికీ నమస్కారమండీ. వెనక కుర్చీల్లో ఉన్నవాళ్లకి వినిపిస్తోందా? ఫ్యాను చప్పుడు అడ్డం వస్తే చెయ్యి ఎత్తండి, గొంతు పెంచుతాను. మైకు నాకు అచ్చిరాదు. బ్యాంకులో ఉన్నన్నాళ్లూ అద్దం వెనక నుంచి అరవడమే అలవాటు.

పరిచయం చేస్తూ మాస్టారు నన్ను పెద్ద యాత్రికుడిని చేసేశారు. కాదండీ. మా అమ్మాయి సియాటెల్ దగ్గర ఉంటుంది, అక్కడ ఉద్యోగాలు చేసుకునే మన పిల్లల గురించి మీకు నేను చెప్పక్కర్లేదు, ఈ హాల్లో సగం మంది ఆ విమానం ఎక్కినవాళ్లే. పోయినసారి వెళ్లినప్పుడు అమ్మాయీ అల్లుడూ మా ఇద్దర్నీ అలాస్కా వెళ్లే ఓడ ఎక్కించారు. వారం రోజులు. అందులో ఒక్క రోజు, పొద్దున్నుంచి సాయంత్రం దాకా, స్కాగ్వే అనే ఊళ్లో ఆపారు. ఇవాళ నేను మాట్లాడేది ఆ ఒక్క రోజు గురించే. ఒక్క రోజు చూసిన ఊరి గురించి గంటసేపు ఏం మాట్లాడతాడు అనుకుంటున్నారేమో. మాట్లాడతాను, ఎందుకంటే నేను పదకొండేళ్లు గోల్డ్ లోన్ కౌంటర్లో కూర్చున్నవాణ్ణి. బంగారం దగ్గర మనిషి మొహం ఎలా మారుతుందో నాకు కొంచెం తెలుసు. తాకట్టు పెట్టేటప్పుడు ఒక మొహం, విడిపించుకునేటప్పుడు ఇంకో మొహం. ఆ ఊరి మ్యూజియంలో పాత ఫోటోలు చూస్తుంటే ఆ మొహాలే కనిపించాయి నాకు.

జేబులో ఒక వస్తువు తెచ్చాను. చివర్లో చూపిస్తాను. ఇప్పుడే చూపిస్తే మీరు నా మాట వినరు.

సరే, ఊరు ఎక్కడుందో ముందు చెప్తాను. అలాస్కా కింది భాగంలో సముద్రం కొండల మధ్యకి వేలు పెట్టినట్టు లోపలికి వెళ్తుంది. ఆ వేలి కొసన ఉంటుంది స్కాగ్వే. మూడు వైపులా కొండలు, ఒక వైపు నీళ్లు, ఎప్పుడూ గాలి. ఊరి జనాభా 2020 లెక్కల ప్రకారం 1,240. మేం వెళ్లిన రోజు రేవులో మూడు ఓడలున్నాయి. ఒక్కో ఓడలో వేలల్లో జనం. అంటే ఊరికంటే చుట్టాలే ఎన్నో రెట్లు ఎక్కువ, పెళ్లివారిల్లు లాగ. సాయంత్రం ఓడలు వెళ్లిపోతే ఊరు మళ్లీ ఖాళీ.

ఇప్పుడొక ప్రశ్న అడుగుతాను. బంగారు ఊరు అన్నాం కదా, అక్కడ బంగారం ఎంత దొరికింది అనుకుంటున్నారు? ఎవరైనా చెప్పండి. టన్నా? పది టన్నులా? ... ఏమీ దొరకలేదండీ. ఆ ఊళ్లో దొరకలేదు. బంగారం దొరికింది కెనడాలో, క్లాండైక్ అనే నది దగ్గర, డాసన్ ఊరి పక్కన. స్కాగ్వేలో ఓడ దిగాక కొండ ఎక్కి, సరస్సులు దాటి, యూకాన్ నది మీద పడవలో పోతే, ఇంకా ఐదారు వందల మైళ్ల అవతల. విజయవాడ స్టేషన్లో రైలు దిగి వెంకన్న గుడి ఏ వీధి అని అడిగినట్టు ఉంటుంది, స్కాగ్వేలో దిగి బంగారం ఎక్కడ అని అడిగితే. అడిగినవాళ్లు ఉన్నారు మా ఓడలో! నేనూ అడిగాను, ఒప్పుకుంటాను.

అసలు కథ 1896 ఆగస్టులో మొదలైంది. రాబిట్ క్రీక్ అనే వాగులో బంగారం కనిపించింది, తర్వాత ఆ వాగుకి బొనాంజా అని పేరు పెట్టారు. చూసినవాళ్లు జార్జ్ కార్మాక్, ఆయన భార్య కేట్, ఆవిడ అన్నదమ్ముడు స్కూకం జిమ్, వాళ్ల బంధువు చార్లీ. కార్మాక్ ఒక్కడే తెల్లవాడు, మిగతా ముగ్గురూ ట్యాగిష్ అనే స్థానిక తెగవాళ్లు. వాళ్లలో ముందు ఎవరి కంటపడింది అన్నది ఇప్పటికీ తగాదానే. కానీ హక్కు పత్రం రాయించినప్పుడు పెద్ద వాటా కార్మాక్ పేరు మీద పడింది. ఎందుకు పడిందో మీరు ఊహించగలరు.

చలికాలం, ఫోన్లు లేవు, దారులు లేవు. కబురు బయటికి రావడానికి ఏడాది పట్టింది. 1897 జూలై 17న పోర్ట్‌లాండ్ అనే ఓడ సియాటెల్ రేవుకి వచ్చింది. ఓడలో టన్ను బంగారం ఉందని పేపర్లు రాశాయి. అంతే! అప్పటికి అమెరికాలో 1893 నుంచి గడ్డుకాలం నడుస్తోంది, బ్యాంకులు మూతపడ్డాయి, ఉద్యోగాలు పోయాయి. అలాంటి టైములో టన్ను బంగారం అని చదివితే ఎవరాగుతారు? సియాటెల్ మేయరు అప్పుడు శాన్ ఫ్రాన్సిస్కోలో ఉన్నాడు. అక్కణ్ణుంచే రాజీనామా టెలిగ్రాం కొట్టి క్లాండైక్ బయల్దేరాడు. మేయరండీ! గుమస్తాలు, కండక్టర్లు, పోలీసులు, అందరూ. మొత్తం లక్షమంది దాకా బయల్దేరారని అంచనా. డాసన్ చేరినవాళ్లు ముప్ఫై, నలభై వేలు. ఎంతో కొంత బంగారం కళ్లజూసినవాళ్లు నాలుగు వేలు. ఈ మూడు అంకెలూ గుర్తుంచుకోండి. మా రీజినల్ ఆఫీసుకి ఇలాంటి లెక్క పంపితే ఆ స్కీము మర్నాడే ఆపేసేవాళ్లు.

ఊళ్లో చూడాల్సినవి చాలావరకు ఒకటే వీధిలో ఉన్నాయి, బ్రాడ్‌వే అంటారు. చెక్క ఇళ్లు, చెక్క పేవ్‌మెంట్లు. ముందు చూస్తే రెండంతస్తుల మేడ, పక్కకెళ్లి చూస్తే వెనక చిన్న రేకుల కొట్టు. ముందు గోడ ఒక్కటే ఎత్తుగా కడతారన్నమాట, పెద్ద వ్యాపారంలా కనపడ్డానికి. మన దగ్గరా ఉన్నాయిలెండి అలాంటివి, వీధి పేరు చెప్పను. వీటిలో ఇరవై దాకా ఇళ్లు ప్రభుత్వం వాళ్ల నేషనల్ పార్కు శాఖ బాగుచేసి చూసుకుంటోంది. పార్కు అంటే ఊయలలు, పూలమొక్కలు కాదు. ఊరే పార్కు. 1976లో దీన్ని క్లాండైక్ గోల్డ్ రష్ పార్కుగా ప్రకటించారు, ఇందులో ఒక భాగం సియాటెల్లో కూడా ఉంది. బయల్దేరినది అక్కణ్ణుంచి కదా. స్కాగ్వేలో వాళ్ల ఆఫీసు పాత రైల్వే డిపోలో పెట్టారు. టోపీలు పెట్టుకున్న రేంజర్లు ఉంటారు, ఏది అడిగినా విసుక్కోరు. మా ఆవిడ ముందు బాత్రూం ఎక్కడ అని అడిగింది, తర్వాత చరిత్ర అడిగింది, రెండింటికీ అంతే ఓపిగ్గా చెప్పారు.

అక్కడ నన్ను కట్టిపడేసింది ఒకటే. సామాను. ఒక మనిషికి ఏడాదికి కావలసిన సామానంతా పేర్చి పెట్టారు. పిండి బస్తాలు, పెట్టెలు, పార, పలుగు, రంపం, మేకులు, పొయ్యి, దుప్పట్లు. దాని బరువు టన్ను. వాళ్ల టన్ను రెండు వేల పౌన్లు, అంటే మన లెక్కలో తొమ్మిది వందల కిలోలకి పైమాటే. మన 75 కిలోల ధాన్యం బస్తాలు పన్నెండు అనుకోండి. మనిషికి పన్నెండు బస్తాలు!

ఎందుకూ? ఎందుకంటే డాసన్లో తిండి లేదు. జనం ఎక్కువైపోయి ముందు చలికాలమే కరువు భయం పట్టుకుంది. దాంతో కెనడా పోలీసులు కొండ మీద సరిహద్దు దగ్గర కూర్చుని, ఏడాది తిండి చూపిస్తేనే లోపలికి రానిస్తాం, లేకపోతే వెనక్కి పో అన్నారు. అది కఠినంగా అనిపిస్తుంది గానీ ఆ ఒక్క రూలు ఎన్ని వేల ప్రాణాలు కాపాడిందో. ఏం కొనుక్కోవాలో అప్పట్లో జాబితాలు అచ్చేసి పంచారు. ఒక జాబితాలో పిండి నాలుగు వందల పౌన్లు, అంటే 180 కిలోలు. ఉప్పులో ఊరేసిన పంది మాంసం 150 పౌన్లు. బీన్స్ గింజలు అటూ ఇటూగా యాభై కిలోలు. టీ, కాఫీ తలా పది పౌన్లు. ఎండబెట్టిన బంగాళాదుంపలు, ఎండబెట్టిన ఉల్లిపాయలు. మిరియాలు ఒక్క పౌను. ఇది చదివి చెబుతుంటే మా ఆవిడ ఆగిపోయింది. అరకిలో కూడా లేదు, ఏడాదికి మిరియాలు అంతేనా, ఆ మాంసం ఎలా తిన్నారండీ అంది. నలభై ఏళ్లుగా మా ఇంట్లో పచారీ చీటీ ఆవిడే రాస్తుంది. నెలకెంత, పండక్కెంత, చుట్టాలొస్తే ఎంత అని ఆవిడకి నోటి లెక్క. చాలాసేపు ఆ బస్తాల ముందే నిలబడి, చింతపండు లేదు, కారం లేదు అనుకుంటూ ఉంది. నేను బంగారం చూడ్డానికి వెళ్లాను, ఆవిడ సామాను చూసింది. తర్వాత తెలిసింది, సరైనది చూసింది ఆవిడే.

ఇప్పుడు ఈ పన్నెండు బస్తాల్నీ కొండ ఎక్కించాలి. దారులు రెండు. ఒకటి స్కాగ్వే నుంచి వైట్ పాస్ మీదుగా. రెండోది పక్కనున్న డైయీ అనే ఊరి నుంచి చిల్కూట్ కనుమ మీదుగా, సరస్సు దాకా 33 మైళ్లు. చిల్కూట్ చివర్లో ఎంత నిటారుగా ఉంటుందంటే గుర్రం ఎక్కలేదు. మంచులో మెట్లు చెక్కారు. బంగారు మెట్లు అని పేరు. హెగ్ అనే ఫోటోగ్రాఫరు తీసిన బొమ్మలున్నాయి, చూస్తే మర్చిపోలేరు. తెల్లటి కొండ, దాని మీద కింది నుంచి పైదాకా నల్లటి గీత. దగ్గరికెళ్లి చూస్తే ఆ గీత మనుషులు. ఒకరి వెనక ఒకరు, వీపు మీద మూటలు, వంగిపోయి. ఒక మెట్టు తప్పుకుని పక్కన కూర్చుంటే మళ్లీ వరసలో దూరడానికి ఎంతసేపైనా ఆగాలి.

మనిషి ఒకసారికి ఎంత మోస్తాడు? పాతిక, ముప్ఫై కిలోలు. అంటే టన్ను మొయ్యాలంటే ముప్ఫై నలభై సార్లు. కొంత సామాను పైకి తీసుకెళ్లి మంచులో పాతి, గుర్తుగా కర్ర గుచ్చి, కిందికొచ్చి, మళ్లీ కొంత ఎత్తుకుని. మూడు నెలలు పట్టేది సగటున. 33 మైళ్ల దారిలో ఒక మనిషి నడిచిన నడక వెయ్యి మైళ్లు దాటేదిట. తిరుమల మెట్లు ఎక్కినవాళ్లు ఎంతమంది ఉన్నారిక్కడ? సరే. ముప్ఫై సార్లు, మంచులో, మూటతో, మూడు నెలలు. ఏ దేవుడూ అంత మొక్కు అడగడు.

ఆ మెట్ల అడుగున ఒక చోటుంది. దాని పేరే స్కేల్స్, అంటే తక్కెళ్లు. కూలికి మోసేవాళ్లు అక్కడ మూటలు మళ్లీ తూచి, రేటు పెంచేవాళ్లు. కింద ఒక రేటు, కొండ మొదట్లో ఇంకో రేటు. నాకది చదివి నవ్వొచ్చింది. తక్కెడ ఉన్న చోట బేరం ఉంటుంది, నేను పదకొండేళ్లు అది చూశాను.

ఆ మోసినవాళ్లలో చాలామంది ట్లింగిట్ ప్రజలు, ఆ నేల వాళ్లది. చిల్కూట్ దారి తెల్లవాళ్లు కనిపెట్టిందేం కాదు. బంగారం మాట పుట్టకముందు నుంచీ ఆ కనుమ మీదుగా ట్లింగిట్లు లోపలి తెగలతో వ్యాపారం చేశారు, చేప నూనె పట్టుకెళ్లి బొచ్చు చర్మాలు తెచ్చేవాళ్లు. ఆ దారి మీద పెత్తనం వాళ్లదే, ఎవర్నీ ఊరికే పోనిచ్చేవాళ్లు కాదు. జనం వేలల్లో వచ్చాక ఆ పెత్తనం పోయింది, కూలి మిగిలింది. అప్పుడూ రేటు గట్టిగానే తీసుకున్నారు, మంచి పని చేశారు. 1898 ఏప్రిల్ 3న కొత్త మంచు బాగా పడి ఉంది, ఇవాళ పైకి వెళ్లొద్దని వాళ్లు చెప్పారు, వాళ్లు వెళ్లలేదు. తొందరలో ఉన్నవాళ్లు వెళ్లారు. కొండచరియలా మంచు జారిపడి పదుల మంది చచ్చిపోయారు. వాళ్ల సమాధులు డైయీలో ఉన్నాయి, దాని గురించి మళ్లీ చెప్తాను.

రెండో దారి, వైట్ పాస్. అక్కడ మెట్లు లేవు, గుర్రాలతో పోవచ్చన్నారు. పోయారు. బురద, రాళ్లు, మేత లేదు. మూడు వేల గుర్రాలు ఆ దారిలో చచ్చిపోయాయి. ఒక లోయ పేరే చచ్చిన గుర్రాల లోయ. పొద్దున్నే మేం రైల్లో వెళ్లింది ఆ పక్కనుంచే. రైలు సంగతి కూడా చెప్పాలి కదా. మూడడుగుల గేజి, మన నేరో గేజి లాంటిది. 1898 మేలో మొదలుపెట్టి 1900 జూలైకి పూర్తిచేశారు, కెనడాలో వైట్‌హార్స్ అనే ఊరి దాకా 110 మైళ్లు. ఇప్పుడు టూరిస్టుల్ని కొండ మీదికి తీసుకెళ్లి మళ్లీ దింపుతారు, పైన దిగనివ్వరు. వెళ్లేటప్పుడు ఎడమవైపు కూర్చోండి, లోయ అటే ఉంటుంది. పైన ఇంజను అటు నుంచి ఇటు మార్చి తగిలిస్తారు, అప్పుడు కండక్టరు వచ్చి, ఇటువాళ్లు అటు, అటువాళ్లు ఇటు మారండి, అందరూ చూడాలి కదా అంటాడు. జనం మారారండీ! ఒక్కరు కూడా కిటికీ నాది అనలేదు. నాకు రైలు కంటే అదే ఎక్కువ వింత.

దారిలో ఒక పెద్ద రాయి మీద నల్ల శిలువ ఉంది. వంద టన్నుల బండ పడి దాని కింద ఇద్దరు కూలీలు ఉండిపోయారు, తియ్యలేక అలాగే వదిలేసి శిలువ పెట్టారు. రైలు అక్కడ నెమ్మదిస్తుంది. అందరూ ఫోటో తీశారు, నేనూ తీశాను. తీశాక ఎందుకో ఆ ఫోటో మా అమ్మాయికి పంపబుద్ధి కాలేదు.

ఇక ఊళ్లో జరిగిన దొంగతనాల గురించి చెప్పకపోతే మీరు ఒప్పుకోరు. సోపీ స్మిత్ అని ఒకడు. అసలు పేరు జెఫర్సన్ స్మిత్. సబ్బుబిళ్లల కాగితం కింద డాలరు నోట్లు చుట్టి అమ్మేవాడు, నోట్లున్న సబ్బులు వాడి మనుషులకే దొరికేవి, మిగతావాళ్లకి సబ్బే. అందుకే ఆ పేరు. ఇంకా బాగుంది వినండి. స్కాగ్వేలో టెలిగ్రాఫ్ ఆఫీసు తెరిచాడు. ఐదు డాలర్లు, ఎక్కడికైనా టెలిగ్రాం. జనం ఇంటికి క్షేమ సమాచారం పంపుకున్నారు. జవాబులు కూడా వచ్చేవిట, అవసరంగా డబ్బు పంపమని. సంగతేంటంటే ఊళ్లో టెలిగ్రాఫు తీగే లేదు. 1901 దాకా రాలేదు! గోడలోకి పోయే తీగ ఒకటి తగిలించి ఉంచాడంతే. ఇప్పుడు మన ఫోన్లకి ఓటీపీ చెప్పండి అని వస్తాయే, ఆ వ్యాపారమే. నవ్వకండి, మన కాలనీలో ముగ్గురు చెప్పారు ఓటీపీ.

వాడి సెలూన్, అంటే క్షౌరశాల కాదు, సారా కొట్టు, ఇప్పటికీ ఉంది, పార్కువాళ్లు బాగుచేసి 2016లో తెరిచారు. ఆ ఇల్లు 1897లో మొదట కట్టింది ఎందుకో తెలుసా? బ్యాంకు కోసం. అది మూతపడి వాడి చేతికొచ్చింది. నాకు గుచ్చుకుంది ఆ మాట. తర్వాత మార్టిన్ ఇట్జెన్ అని ఒకాయన 1930ల్లో దాన్ని మ్యూజియం చేసి, లోపల కదిలే సోపీ బొమ్మ పెట్టాడు, టూరిస్టుల్ని ఆడించడానికి. అంటే మోసగాణ్ణి చూపించి కూడా డబ్బు చేసుకున్నారు. సోపీ కథ ఎలా ముగిసిందంటే, క్లాండైక్ నుంచి తిరిగొచ్చిన స్టీవార్ట్ అనే మనిషి బంగారం సంచి వాడి ముఠా కొట్టేసింది. రెండున్నర వేల డాలర్లకి పైన విలువ. అప్పటి రేటులో లెక్కేస్తే ఐదు కిలోలు. ఊరు తిరగబడింది. 1898 జూలై 8న రేవు దగ్గర కాల్పులు, సోపీ అక్కడికక్కడే పోయాడు, ఎదురు నిలిచిన ఫ్రాంక్ రీడ్ పన్నెండు రోజులకి పోయాడు.

మాస్కాట్ సెలూన్ అని ఇంకోటి ఉంది, అదీ పార్కుదే, టికెట్టు లేదు. బల్ల ముందు మనిషి బొమ్మలు నిలబెట్టారు, సీసాలు పేర్చారు. ఆ రోజుల్లో సారా కొట్లో లెక్క తీర్చడానికి ఒక వస్తువు ఉండేది, పిల్ల తక్కెడ. బంగారు పొడి తూచి సరుకు ఇచ్చేవాళ్లు. ఇది నా సబ్జెక్టు, రెండు నిమిషాలు ఇవ్వండి. అప్పట్లో శుద్ధ బంగారం ఔన్సుకి 20 డాలర్ల 67 సెంట్లు, ప్రభుత్వం కట్టిన ధర. ఔన్సంటే 31 గ్రాముల చిల్లర. డాసన్లో పొడికి మాత్రం పదహారు డాలర్లే లెక్క. ఎందుకు తక్కువ? వాగులో దొరికే బంగారంలో వెండి కలిసి ఉంటుంది, ఇసుక ఉంటుంది. కొందరు కావాలనే నల్ల ఇసుక కలిపేవాళ్లు, ఇత్తడి రజను కలిపేవాళ్లు. తూచేవాడు మాత్రం తక్కువ తిన్నాడా? గోళ్లు పెంచుకునేవాడని, వేళ్లు తడి చేసుకునేవాడని, తక్కెడ కింద గుడ్డ పరిచి రాత్రికి దులుపుకునేవాడని కథలు కథలుగా చెప్పుకుంటారు. మా బ్రాంచికి వచ్చే ఆచారి గారు గుర్తొచ్చారు నాకు. గీటురాయి మీద ఒక్క గీత గీసి, ఆసిడ్ చుక్క వేసి, ఇది ఇరవై రెండు కాదండీ, అతుకులో మైనం ఉంది, నాలుగు గ్రాములు తగ్గించి రాసుకోండి అనేవారు. ఆయన్ని డాసన్లో కూర్చోబెట్టి ఉంటే సగం సెలూన్లు మూసేసుకునేవాళ్లు.

కోలార్ సంగతేంటండీ అని ఇందాక బయట ఒకరు అడిగారు. కోలార్లో మనవాళ్లు, తెలుగువాళ్లు, తరాలుగా పనిచేశారు, అది వేరే రకం. అక్కడ బంగారం రాతిలో ఉంటుంది, 2001లో మూసేసేదాకా మూడు కిలోమీటర్లకి పైన లోతుకెళ్లి రాయి పగలగొట్టి తియ్యాల్సొచ్చేది, దానికి కంపెనీ కావాలి, జీతాలివ్వాలి. క్లాండైక్‌లో వాగు మట్టిలో ఉంటుంది, ఒక పళ్లెం, ఒక పార ఉంటే నువ్వే యజమానివి. అందుకే లక్షమంది కదిలారు. జీతానికి ఎవరూ అంత దూరం పరిగెత్తరు.

ఊళ్లో నాకు బాగా నచ్చిన మనిషి మాత్రం కెప్టెన్ విలియం మూర్. ఆ పాత కర్ర ఇల్లు ఇప్పటికీ ఉంది. ఈయన 1887లోనే వచ్చి 160 ఎకరాలు పెట్టుకుని కూర్చున్నాడు, ఎప్పుడో ఒకనాడు బంగారం పడుతుంది, జనం ఈ దారినే వస్తారు అని. వైట్ పాస్ దారి ఆ ఏడాది ఆయనకి చూపించింది ఎవరనుకున్నారు? ఇందాక చెప్పానే, స్కూకం జిమ్. తర్వాత తొమ్మిదేళ్లకి బంగారం వాగు దగ్గరున్నదీ ఆ జిమ్మే! సరే, మూర్ రేవు కట్టుకున్నాడు, రంపం మిల్లు పెట్టుకున్నాడు, పదేళ్లు ఎదురుచూశాడు. 1897 జూలై ఆఖర్లో జనం వచ్చారు. ఆయన అనుకున్నట్టే వచ్చారు. వచ్చి ఆయన నేలలోనే గుడారాలు వేసి, సర్వే చేసి, వీధులు గీసి, నీ ఇల్లు వీధికి అడ్డమొస్తోంది జరుపు అన్నారు. కబ్జా అండీ, శుద్ధ కబ్జా. కోర్టుకెళ్లాడు. ఏళ్లు పట్టింది. చివరికి ఆ ప్లాట్ల విలువలో పాతిక శాతం ఆయనకి ఇప్పించారు. ఇది చెప్పగానే ముందు వరసలో ఇద్దరు తలకాయలూపారు, మీ కేసులు ఎంతదాకా వచ్చాయి? మూర్‌కి కనీసం తీర్పు వచ్చింది.

మధ్యాహ్నం వ్యాన్లో డైయీ వెళ్లాం. మమ్మల్ని తీసుకెళ్లాల్సిన బండి ముప్పావుగంట ఆలస్యం, అదొక టెన్షన్, ఓడ మన కోసం ఆగదు కదా. డైయీ ఒకప్పుడు స్కాగ్వేతో పోటీపడ్డ ఊరు. స్కాగ్వే నుంచి రైలు పడగానే డైయీతో పని లేకుండా పోయింది, రెండు మూడేళ్లలో ఖాళీ. ఇప్పుడు అక్కడ ఊరు లేదు, అడవి ఉంది. రేవు కట్టిన దుంగల మొదళ్లు కొన్ని ఉన్నాయి. నిలబడి ఉన్న గోడ ఒక్కటే ఒక్కటి, వెనక కర్రలు ఊతం పెట్టి పడకుండా ఆపారు. ఇల్లు కాదు, ఇంటి ముందు గోడ, ఇందాక చెప్పానే, ఎత్తుగా కట్టేది. అది ఏం కొట్టో చెప్పుకోండి. రియల్ ఎస్టేట్ ఆఫీసు! ఒట్టండీ. ఊరంతా పోయింది, ప్లాట్లు అమ్మినవాడి బోర్డు గోడ మిగిలింది.

ఆ పక్కనే సమాధులు. చెక్క పలకలు, తెల్ల రంగు. పేరు, ఊరు. కింద తేదీ. ఒకటి చదివాను, ఏప్రిల్ 3, 1898. పక్కది చదివాను, ఏప్రిల్ 3, 1898. దాని పక్కది, అదే. వరస మొత్తం అదే తేదీ. అక్కడ మాట్లాడాలనిపించలేదు ఎవరికీ, గైడు కుర్రాడు కూడా ఊరుకున్నాడు. మా ఆవిడ ఒక్కో పలకా దగ్గర ఆగి ఊళ్ల పేర్లు చదువుతోంది, ఒక ఊరు సియాటెల్, ఆ మాట కొంచెం గట్టిగా చదివింది. మా అమ్మాయి ఉండేది అక్కడేగా.

చేరినవాళ్ల గతేంటి అంటారా? సరస్సు ఒడ్డున చెట్లు కొట్టి, సొంతంగా పడవలు కట్టుకుని, మంచు కరిగే దాకా కాచుకున్నారు. 1898 మే ఆఖర్లో మంచు విరిగింది, ఏడు వేలకి పైగా పడవలు ఒక్కసారి కదిలాయి. జూన్‌లో డాసన్ చేరారు. చేరేసరికి మంచి వాగులన్నీ అక్కడే ఉన్న పాతకాపులు ఎప్పుడో ముందే పట్టేసుకున్నారు. సియాటెల్లో టన్ను బంగారం అని పేపరు పడ్డ రోజుకే అవి అయిపోయాయండీ. చాలామంది ఆ వీధుల్లో కొన్నాళ్లు తిరిగి, సామాను అమ్ముకుని, వెనక్కి టికెట్టు కొనుక్కున్నారు. మర్నాటి ఏడాది అలాస్కాలోనే నోమ్ అనే చోట బంగారమని కబురొస్తే వేలమంది అటు పరిగెత్తారు.

మరి బాగుపడింది ఎవరు? పిండి అమ్మినవాడు, బూట్లు అమ్మినవాడు, ఓడ టికెట్లు అమ్మినవాడు. ఇవాళ కూడా బ్రాడ్‌వేలో నడుస్తుంటే ఎన్ని నగల కొట్లో! ఓడ దిగినవాళ్ల కోసమే. ఊళ్లో బంగారం దొరకలేదన్నాను కదా, దొరుకుతుంది, షోకేసులో, జీఎస్టీ లేకుండా అని రాసినట్టు వాళ్ల భాషలో ఏదో డిస్కౌంటు బోర్డుతో. మా ఆవిడ ఒక గాజు తీసి చూసి, ఎంత తరుగు వేశాడో అడగండి అంది. తరుగు అనే మాట ఇంగ్లీషులో చెప్పలేక బయటికొచ్చేశాం.

సరే, జేబులో వస్తువు. ఇదిగో. చిన్న గాజు సీసా, నీళ్లు, అడుగున మెరుస్తున్నవి కనిపిస్తున్నాయా? టూరిస్టుల చేత పళ్లెంలో మట్టి కడిగించే చోటు ఒకటుంది, డబ్బు కడితే మట్టి ఇస్తారు, అందులో బంగారం ముందే కలిపి పెడతారు, ఉత్త చేతులతో ఎవర్నీ పంపరు. తొట్టిలో చల్లటి నీళ్లు, వేళ్లు మొద్దుబారిపోయాయి. పళ్లెం కొంచెం వంచి గుండ్రంగా తిప్పాలి, మా అమ్మ చేట చెరిగినట్టే, తేలికది బయటికి పోతుంది, బరువైంది అడుగున ఉంటుంది. మా ఆవిడకి ఆ కిటుకు వెంటనే పట్టుబడింది, ఐదు రేకులు. నాకు మూడు. మూడోది కనపడ్డప్పుడు నేను గట్టిగా అరిచానట, చుట్టూ ఉన్నవాళ్లు చూశారట. ఆ వీడియో ఉంది, కానీ ఇక్కడ వెయ్యను.

ఇంటికొచ్చాక దీన్ని ఆచారి గారి దగ్గరికి తీసుకెళ్లాను. పెద్దవారయ్యారు, చూపు తగ్గింది, కానీ గీటురాయి ఇంకా సొరుగులోనే ఉంది. సీసా వెలుతురుకి పెట్టి అటూ ఇటూ తిప్పి చూశారు. గీసి చూడాలంటే ముందు వేలికి దొరకాలి కదండీ, ఇది దొరకదు అన్నారు. కాసేపాగి, నీళ్లలో ఉంది కాబట్టి ఇంతగా కనపడుతోంది, పారబోస్తే ఇదీ ఉండదు, అలాగే ఉంచుకోండి అన్నారు.

ఈ వరస నుంచి మొదలుపెట్టి అందరూ చూడండి, చివరికి మాస్టారి దగ్గరికి చేరాలి. మూత మాత్రం తియ్యకండి.